చుట్ట మీద పన్ను ఎవరి పెట్టెలో పడుతుంది?

(పొగాకు రైతుల శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగం. మాట్లాడిన మాటలనే కొద్దిగా సరిచేసి ఇస్తున్నాం.)



భోజనాలయ్యాక పన్నుల క్లాసు పెట్టినందుకు ముందుగా క్షమించమని అడుగుతున్నాం. కునుకు పట్టినవాళ్లను పక్కవాళ్లు లేపొద్దు. పొద్దుటి నుంచి ధర గురించి, బ్యారన్ ఖర్చు గురించి, నో బిడ్‌ల గురించి మాట్లాడుకున్నాం. అవన్నీ మనకు కళ్లకు కనిపించేవి. ఇప్పుడు చెప్పబోయేది కళ్లకు కనిపించదు. మన ఆకు మన చేతిలోంచి జారిపోయాక దాని మీద పుట్టే డబ్బు సంగతి అది.

ఈ సంగతి మాకు ఎలా తట్టిందో ముందు చెబుతాం. మా కార్యవర్గంలో ఒక పెద్దాయన కొడుకు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంటాడు. అతనికి బాబు పుట్టాడు. అక్కడ బిడ్డ పుడితే తోటి ఉద్యోగులకు చుట్టలు పంచే ఆచారం ఒకటుందట. మనం మిఠాయి పంచినట్టు. చుట్టలంటే సిగార్లు, లావుపాటివి. అతను ఫోన్‌లో చూసి, పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలోని ఒక దుకాణం నుంచి పెట్టె తెప్పించాడు. ఊళ్లో కొంటే ఖరీదెక్కువ, అక్కడ చవక. అయిపోయింది, అందరూ మర్చిపోయారు. మళ్లీ ఏడాది ఆదాయపు పన్ను కాగితం నింపేటప్పుడు అందులో ఒక గడి కనిపించింది. ‘బయటి రాష్ట్రం నుంచి పన్ను కట్టకుండా ఏమైనా కొన్నావా? కొంటే వాడకపు పన్ను ఎంత?’ అని. అతను తండ్రికి ఫోన్ చేసి, నాన్నా ఇందులో ఏం రాయమంటావ్ అని అడిగాడు. పెద్దాయన ఆ ఫోను మా చేతిలో పెట్టాడు. మాకేం తెలుసు? కానీ ఆ రోజు నుంచి ఆ గడి మా బుర్రలో తిరుగుతూనే ఉంది.

అక్కడి లెక్క ఇలా ఉంది. పొగాకు మీద అమెరికాలో రెండు అంతస్తుల పన్ను. ఢిల్లీ లాంటి పైప్రభుత్వం ఒకటి వేస్తుంది, రాష్ట్రం ఒకటి వేస్తుంది. పైప్రభుత్వం పెద్ద చుట్ట మీద అమ్మకం ధరలో 52.75 శాతం వేస్తుంది. అబ్బో, సగం పైనే అనుకుంటాం. కానీ దానికి ఒక మూత పెట్టారు. ఒక్కో చుట్టకు 40.26 సెంట్లకు మించకూడదు. సెంటంటే డాలర్‌లో నూరో వంతు. ఒక డాలర్ చుట్టకు కట్టేదీ అదే, ముప్ఫై డాలర్ల చుట్టకు కట్టేదీ అదే. ఈ రేటు 2009 ఏప్రిల్ నుంచి ఉంది. పేద పిల్లల ఆరోగ్య బీమాకు డబ్బు కావాలని ఆ ఏడాది సిగరెట్లు, చుట్టలు అన్నిటి మీదా పెంచారు. ఈ మూత విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

రాష్ట్రాల సంగతికి వస్తే ఎవరి గోల వాళ్లది. న్యూయార్క్‌లో చుట్ట టోకు ధర మీద 75 శాతం పన్ను. న్యూజెర్సీలో 30 శాతం. వాషింగ్టన్ రాష్ట్రంలో 95 శాతం, కాకపోతే చుట్టకు 65 సెంట్ల మూత ఉంది. ఫ్లోరిడాలో చుట్ట మీద రాష్ట్ర పొగాకు పన్ను సున్నా. పెన్సిల్వేనియాలో 2016లో మిగతా పొగాకు సరుకుల మీద పన్ను తెచ్చినప్పుడు కూడా పెద్ద చుట్టలను వదిలేశారు. ఇక అమ్మేవాళ్ల బుర్ర ఎలా పనిచేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. దేశమంతా చుట్టలు పంపే పెద్ద పెద్ద గిడ్డంగులు పెన్సిల్వేనియాలో, ఫ్లోరిడాలో వెలిశాయి. మన దగ్గర సరిహద్దు దాటితే డీజిల్ చవకని అవతలి రాష్ట్రం బంకులో ట్రాక్టర్‌కు కొట్టించుకోమా? అదే ఇది.

సరే, అక్కడి నుంచి పెట్టె న్యూజెర్సీలో ఇంటికి వచ్చింది. పన్ను ఎవరిది? చట్టం ప్రకారం ఎక్కడ వాడితే ఆ రాష్ట్రానిది. అమ్మినవాడు వసూలు చేయకపోతే కొన్నవాడే లెక్కగట్టి కట్టాలి. మామూలు అమ్మకపు పన్ను 6.625 శాతం, దాని మీద పొగాకు పన్ను విడిగా. నూరు డాలర్ల సరుకుకు పొగాకు పన్నే ముప్ఫై డాలర్ల దాకా తేలుతుంది. ఇంటింటికీ తిరిగి ఎవరు చుట్ట తాగారో ఎవరు చూస్తారు? అందుకని ఆ గడిలో చాలామంది సున్నా వేస్తారు. మన పెద్దాయన కొడుకు ఏం వేశాడో మేం అడగలేదు. అడగడం మర్యాద కాదు.

అమ్మేవాడి దగ్గరే వసూలు చేయొచ్చుగా అంటారు. అక్కడే ముప్ఫై ఏళ్ల గొడవ నడిచింది. 1992లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. క్విల్ అనే కంపెనీ ఆఫీసు సామాను పోస్టులో అమ్ముతుంది. నార్త్ డకోటా రాష్ట్రం పన్ను వసూలు చేసి ఇవ్వమంది. ఆ రాష్ట్రంలో నీకు దుకాణమో గిడ్డంగో మనుషులో లేకపోతే వసూలు చేయక్కర్లేదని కోర్టు చెప్పింది. ఆ తర్వాత ఇంటర్నెట్ వచ్చింది, దుకాణం లేకుండా అమ్మేవాళ్లే పెరిగిపోయారు. 2018 జూన్‌లో సౌత్ డకోటా, వేఫెయిర్ కేసులో అదే కోర్టు తన పాత మాట తీసేసింది. అయిదుగురు ఇటు, నలుగురు అటు. ఆ రాష్ట్రంలో ఏడాదికి లక్ష డాలర్ల సరుకు అమ్మినా, 200 సార్లు అమ్మినా నువ్వు ఊళ్లో ఉన్నట్టే లెక్క అన్న సౌత్ డకోటా చట్టాన్ని నిలబెట్టింది. అప్పటి నుంచి అమ్మకపు పన్ను చాలావరకు అమ్మేవాడి దగ్గరే ఆగుతోంది. పొగాకు పన్ను మాత్రం వేరే చట్టాల కింద ఉంటుంది, అది సాధారణంగా రాష్ట్రంలోకి సరుకు దించే టోకు వ్యాపారి మీద పడేది. దాన్ని బయటి అమ్మకందారు మీదికి తేవడానికి ఒక్కో రాష్ట్రం విడివిడిగా చట్టం రాసుకోవాల్సి వచ్చింది.

ఇంకో తమాషా ఉంది. సిగరెట్ల విషయంలో వాళ్లు ఎప్పుడో మేలుకున్నారు. 1949లోనే జెంకిన్స్ చట్టమని ఒకటి తెచ్చారు. బయటి రాష్ట్రానికి సిగరెట్లు పంపితే ఎవరికి ఎన్ని పంపావో ఆ రాష్ట్రం పన్ను శాఖకు జాబితా ఇవ్వాలి. ఇంటర్నెట్ వచ్చాక కొన్ని రాష్ట్రాలు ఆ జాబితాలు పట్టుకుని కొన్నవాళ్ల ఇళ్లకే బిల్లులు పంపాయి. 2010లో పాక్ట్ చట్టం తెచ్చి సిగరెట్లు, నమిలే పొగాకు పోస్టులో పంపడమే ఆపేశారు. ఆ చట్టంలో చుట్టలు లేవు. సిగరెట్ పట్టుబడింది, చుట్ట తప్పించుకుంది. ఖరీదైన చుట్ట తాగేది ఎవరో, చట్టం రాసేచోట ఎవరి మాట చెల్లుతుందో ఆలోచించుకోండి. మేం అనేది ఏమీ లేదు.

ఇప్పుడు మీరు అడగాలి. ఎక్కడో అమెరికా చుట్టతో మనకేం పని? ఒంగోలు, కందుకూరు, కనిగిరి రైతుకు దీంతో ఏం సంబంధం?

సంబంధం ఉంది. ఆ మొత్తం గొడవలో ఇద్దరే మాట్లాడారు. పన్ను లేని రాష్ట్రంలో అమ్మేవాడు, పన్ను ఉన్న రాష్ట్రంలో దుకాణం పెట్టుకున్నవాడు. వాళ్లిద్దరి వెనకా రెండు ప్రభుత్వాలు. ఆకు పండించినవాడు ఎక్కడా లేడు. అక్కడా రైతులున్నారు. కనెక్టికట్ నది లోయలో చుట్టకు పైన చుట్టే ఆకు, నేత గుడ్డ పందిళ్ల కింద పండిస్తారు. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ ప్రాంతంలో లోపల పెట్టే ఆకు పండిస్తారు. చుట్టల పన్ను లేని అదే పెన్సిల్వేనియా! ఆకు ఏ రాష్ట్రంలో పండిందన్న ప్రశ్న ఏ కోర్టులోనూ రాలేదు. పన్ను అమ్మిన ఊరిదా, తాగిన ఊరిదా అన్నదే తగువు. పండిన ఊరిది అన్నవాడు లేడు.

ఇదే తగువు మన దేశంలోనూ జరిగింది, మనకంటే ముందు తరంలో. రాజ్యాంగం కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక రాష్ట్రంలో అమ్మి ఇంకో రాష్ట్రంలో దించిన సరుకు మీద పన్ను ఎవరు వేయాలో తేలలేదు. 1953లో సుప్రీంకోర్టు సరుకు చేరిన రాష్ట్రం వేయొచ్చంది. వ్యాపారులు గగ్గోలు పెట్టారు, ప్రతి రాష్ట్రంలో రిజిస్టరు చేయించుకోవాలా అని. కలకత్తాలో టీకా మందులు చేసే బెంగాల్ ఇమ్యూనిటీ కంపెనీని బీహార్ పన్ను కట్టమంది. 1955లో కోర్టు మాట మార్చింది. ముగ్గురు కాదన్నా నలుగురు అవునన్నారు. ఆ చిక్కు విప్పడానికి 1956లో రాజ్యాంగాన్ని సవరించి కేంద్ర అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. మన వ్యాపారులు ‘సీ ఫారం’ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. దాని ప్రకారం సరుకు బయలుదేరిన రాష్ట్రం పన్ను ఉంచుకునేది. చాలాకాలం 4 శాతం ఉండి, 2008కి 2 శాతానికి దిగింది.

పొగాకుది అందులోనూ వేరే దారి. 1957లో పొగాకు, చక్కెర, బట్ట, ఈ మూడింటి మీద రాష్ట్రాలు అమ్మకపు పన్ను వదులుకుంటే, బదులుగా కేంద్రం అదనపు ఎక్సైజు సుంకం వసూలు చేసి పంచేటట్టు ఏర్పాటు చేసుకున్నారు. అంటే మన ఆకు మీద పన్ను అప్పుడే ఢిల్లీ చేతికి పోయింది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. దాంతో దేశం మొత్తం ‘వాడిన చోటికే పన్ను’ అనే లెక్కకు మారింది. అమెరికాలో కోర్టు మరుసటి ఏడాది చేరిన చోటుకి మనం ఒక ఏడాది ముందే చేరాం. సిగరెట్ ముంబైలో కాలితే రాష్ట్రం వాటా మహారాష్ట్రకు పోతుంది. సరుకు తయారుచేసే రాష్ట్రాలు నష్టపోతాయని అయిదేళ్లు పరిహారం ఇచ్చారు. ఆ పరిహారం డబ్బు ఎక్కడి నుంచి? సెస్సు నుంచి. ఆ సెస్సు వేసిన సరుకుల్లో పొగాకు ఒకటి. అయిదేళ్లు 2022 జూన్‌తో అయిపోయినా, కరోనా కాలంలో పరిహారం కోసం తెచ్చిన అప్పు తీర్చాలని సెస్సును సాగదీశారు. రాష్ట్రాలకు పరిహారం వచ్చింది. ఆకు పండించిన జిల్లాకు పరిహారం అనే మాట ఏ కాగితంలోనూ లేదు.

ఇంకా మన ఎఫ్‌సీవీ ఆకులో ఎక్కువ భాగం బెల్జియం లాంటి దేశాలకు ఎగుమతి అవుతుంది. అది ఎక్కడ తగలబడితే పన్ను ఆ దేశానిది. మనకు మిగిలేది వేలంలో పలికిన ధర ఒక్కటే.

ఇక్కడ మన పెద్దల సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఒకప్పుడు పన్ను సరాసరి మన ఆకు మీదే ఉండేది. 1943లో బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధం ఖర్చుల రోజుల్లో పొగాకు మీద ఎక్సైజు మొదలుపెట్టింది. ఎన్ని ఎకరాలు వేశావో చెప్పాలి, ఎంత ఆకు వచ్చిందో తూకం చూపించాలి, ఎవరికి అమ్మావో రాయించాలి. మా నాయనల తరం ఆ రోజులు చెబుతుంటే విన్నాం. ఇంట్లో చుట్టలకని దాచుకున్న నాలుగు కట్టలు కూడా లెక్కలో చూపాలేమోనని గడ్డివాములో దాచేవాళ్లట. 1979 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చరణ్ సింగ్ పచ్చి ఆకు మీద ఆ సుంకం తీసేసి, తయారైన సరుకు మీదికి మార్చారు. రైతు ఇంటి నుంచి అది పోయి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడింది. మంచిదే జరిగింది. అయితే కళ్ల ముందు లేని పన్ను గురించి మనం మాట్లాడటం కూడా మానేశాం. నలభై ఏళ్లు దాటింది.

ఇప్పుడు ఆకు మీద ఉన్నది 5 శాతం జీఎస్టీ. అది కొన్నవాడే కట్టాలి. మన బిల్లులో ఆ 5 శాతం కోత కనపడదు. అయినా కొనేవాడు పాట పాడేటప్పుడు తన ఖర్చులన్నీ మనసులో వేసుకునే పాడతాడని వేరే చెప్పాలా?

ఇందాక మూత గురించి గుర్తుపెట్టుకోమన్నాం. అమెరికాలో చుట్ట మీద పన్నుకు పైన మూత ఉంది, ఇంతకు మించొద్దని. మన దగ్గర 2017లో చుట్టల మీద పెట్టిన పరిహార సెస్సు చూడండి. 21 శాతం, లేదా వెయ్యి చుట్టలకు 4,170 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. అంటే చుట్టకు నాలుగు రూపాయల 17 పైసలు కనిష్ఠం. అక్కడ మూత పైన పెట్టారు, ఇక్కడ అడుగున పెట్టారు. పైన పెడితే ఖరీదైన చుట్ట తాగేవాడికి లాభం. అడుగున పెడితే చవక చుట్టకు దెబ్బ. విమానంలో దిగే క్యూబా చుట్టకు నాలుగు రూపాయలు చీమ కుట్టినట్టు. గోదావరి లంకల ఆకుతో చుట్టిన చుట్ట ధరే అంతుండదు.

ఆ లంక పొగాకు సామాన్యమైంది కాదు. నది వరద తగ్గాక ఒండ్రు మీద వేసే పంట అది. ఇంగ్లండ్ దాకా పేరు పోయింది. మా సంఘానికి పన్నుల పుస్తకాలు చదివిపెట్టే మాస్టారు ఒకాయన ఉన్నారు. షెర్లాక్ హోమ్స్ అనే డిటెక్టివ్ నవల ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో లంకా చుట్ట ప్రస్తావన ఉందని ఆయన చూపించారు. బూడిద చూసి ఇది లంక చుట్ట అని చెప్పగలడట ఆ డిటెక్టివ్. మన కొనుగోలుదారులకు ఆకు చేతిలో పట్టుకున్నా గ్రేడు తెలియడం లేదు!

(నవ్వులు)

సరే, అసలు లెక్కకు వద్దాం. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి. ఒక సిగరెట్‌లో పట్టే పొగాకు గ్రాముకు కాస్త అటూ ఇటూ. లెక్క తేలిగ్గా ఉండటానికి గ్రాము అనుకుందాం. కిలో ఆకుకు వెయ్యి సిగరెట్లు. కాడలు, ఈనెలు, తరుగు పక్కన పెడదాం. కిలో 300 రూపాయలు పలికిందనుకుందాం, మంచి గ్రేడుకు. సిగరెట్‌కు మన వాటా 30 పైసలు. అందులోనే నారు, ఎరువు, కూలి, బ్యారన్‌కు కట్టెలు, కౌలు, వడ్డీ.

2026 ఫిబ్రవరి 1 నుంచి సెస్సు తీసేసి కొత్త ఎక్సైజు సుంకం పెట్టారు. సిగరెట్ల పొడవును బట్టి వెయ్యికి 2,050 నుంచి 8,500 రూపాయల దాకా. అంటే ఒక్క సిగరెట్‌కు తక్కువలో తక్కువ రెండు రూపాయల అయిదు పైసలు, ఎక్కువ అయితే ఎనిమిదిన్నర. దాని పైన జీఎస్టీ 40 శాతం. మన 30 పైసల పక్కన పెట్టి చూడండి. సుంకం కనిష్ఠం లెక్క వేసినా, మనకు వచ్చినదానికి ఏడు రెట్లు దాదాపు. జీఎస్టీ ఇంకా కలపలేదు.

ఈ లెక్క చెబితే వెంటనే ఒకాయన లేచి, ‘అయితే పన్ను తగ్గించమని ధర్నా చేద్దాం’ అంటారు. నిజం చెప్పాలంటే ఆ పాట మనమూ పాడాం. పన్ను పెరిగిన ప్రతిసారీ కంపెనీల తరఫున ఎవరో వచ్చి, పన్ను తగ్గితే మీ ధర పెరుగుతుందని చెప్పేవారు. మనం బ్యానర్లు పట్టుకున్నాం. ఆ బ్యానర్ల ఖర్చు ఎవరు పెట్టారో కూడా అడగలేదు. అది మన తప్పు. ఇవాళ ఒప్పుకుంటున్నాం. పన్ను పెరగని ఏళ్లు మధ్యలో ఉన్నాయి. ఆ ఏళ్లలో నో బిడ్‌లు ఆగాయా? అమెరికాలో చుట్ట మీద పన్ను లేని పెన్సిల్వేనియాలో లాభం వచ్చింది గిడ్డంగి పెట్టినవాడికి. పన్ను తగ్గితే ఆ తగ్గింది మన దాకా నడిచి వస్తుందని ఏ చట్టమూ చెప్పదు.

పైగా పొగాకు తాగితే రోగాలొస్తాయన్నది మనకు తెలియని సంగతి కాదు. బ్యారన్ల దగ్గర, ఆకు గ్రేడింగ్ దగ్గర పనిచేసిన మన ఆడవాళ్ల దగ్గు మనం వింటూనే ఉన్నాం. పన్ను వేయొద్దని వాదించే నోరు మనకు లేదు. ఆ వాదన కంపెనీలు చేసుకుంటాయి, వాళ్లకు వకీళ్లున్నారు. మనం అడగాల్సింది వేరే. వేసిన పన్నులో కొంత, ఆకు పుట్టిన ఊరికి తిరిగి రావాలి.

ఇది ఎక్కడా జరగని పని కాదు. అదే అమెరికాలో 2004లో జరిగింది. అక్కడ 1930ల నుంచి ఇంతే పండించాలని రైతుకు కోటా ఉండేది, కనీస ధర ఉండేది. మన బోర్డు అనుమతి లాంటిదే. 2004లో ఆ కోటా ఎత్తేశారు. ఎత్తేసినందుకు సుమారు 1,000 కోట్ల డాలర్ల పరిహారం పదేళ్ల పాటు ఇచ్చారు. ఆ సొమ్ము ఖజానా నుంచి కాదు, సిగరెట్ కంపెనీల దగ్గర, చుట్టల కంపెనీల దగ్గర, నమిలే పొగాకు కంపెనీల దగ్గర, అమ్మకాన్ని బట్టి వసూలు చేశారు.

అయితే దీని రెండో పక్కా చెప్పాలి. కోటా పోయాక కనీస ధర పోయింది. కంపెనీతో ఒప్పందం రాసుకున్నవాడే పండించాడు. చిన్న రైతులు చాలామంది పొగాకు మానేశారు. కొందరు పరిహారంతో వేరే పంటకు మారారు, కొందరు సేద్యమే వదిలారు. మనం అడిగేది ధర రక్షణ వదులుకుని కాదు. 1976లో బోర్డు వచ్చి, 1985లో మన దగ్గర వేలం మొదలయ్యాక ఎన్ని లోపాలున్నా కొనేవాడి తూకం మీద, మాట మీద ఆధారపడటం తగ్గింది. వేలం లేని ఆకు గతి ఏమైందో 2025లో నల్ల బర్లీ రైతును అడగండి. అంతకుముందు కళ్లాల దగ్గరకొచ్చి కొన్నవాళ్లు ముఖం చాటేస్తే, చివరికి ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. పర్చూరు వైపు రైతులు ఇక్కడ కూర్చునే ఉన్నారు, మేం చెప్పేదేముంది?

ఆ అమెరికా పరిహారంలో ఇంకొక విషయం ఉంది, దాని మీద మనలో మనకే తగువు వచ్చింది. అది దాచకుండా చెబుతాం. కోటా కాగితం ఎవరి పేరున ఉందో వాళ్లకు పౌనుకు 7 డాలర్లు ఇచ్చారు. నిజంగా పండించినవాడికి పౌనుకు 3 డాలర్లు. రెండూ ఒకరే అయితే పది. భూమి ఒకరిది, సేద్యం ఇంకొకరిది అయితే ఏడు పట్నంలో ఉన్నాయనకు, మూడు పొలంలో ఉన్నాయనకు.

మన దగ్గర బ్యారన్ లైసెన్సు ఎవరి పేరున ఉంటుంది? పండించేది ఎవరు? లైసెన్సు కౌలుకిచ్చి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. బ్యారన్ కౌలు, పొలం కౌలు రెండూ కట్టి, రాత్రంతా పొయ్యి దగ్గర మేలుకునేవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. రేపు మనం కొట్లాడి పన్నులో వాటా తెచ్చామనుకోండి. ఆ డబ్బు లైసెన్సు ఖాతాలో పడితే కౌలు రైతుకు మళ్లీ ఏమీ రాదు. కార్యవర్గంలో లైసెన్సులున్న కొందరు అన్నలు, ముందు వాటా రానివ్వండి, పంచుకోవడం తర్వాత చూద్దాం అంటున్నారు. మేం ఒప్పుకోలేదు. పంపకం ముందే రాసుకోకపోతే ఆ తర్వాత రాయడం ఉండదు. అక్కడ కనీసం మూడు డాలర్లని చట్టంలో రాశారు. మనం సగం అయినా పండించినవాడికి అని తీర్మానంలోనే రాయాలి. ఇది ఇంకా తేలలేదు. మీ ముందు పెడుతున్నాం.

తీర్మానం చిత్తుప్రతిలో మేం రాసింది ఇది. పొగాకు మీద కేంద్రం కొత్తగా వేసిన ఎక్సైజులో రాష్ట్రాలకు ఎలాగూ పంపిణీ ఉంటుంది. అలా రాష్ట్రానికి వచ్చేదాన్నుంచి కొంత భాగం, కేంద్రం తన దగ్గర ఉంచుకునేదాన్నుంచి కొంత భాగం పొగాకు పండే మండలాల పేర విడిగా ఒక నిధిలో వేయాలి. ధర పడిపోయిన ఏడు అందులోంచి రైతుకు అందాలి. పొగాకు మానేస్తామన్నవాడికి మూడేళ్లు దన్ను అందాలి, ఎందుకంటే ఒక్క ఏడాది శనగ విత్తనం ఇచ్చి మారమంటే ఎవరూ మారరు. బర్లీని కూడా వేలంలోకి తేవాలి. కౌలు రైతు పేరు బోర్డు దగ్గర నమోదు కావాలి. శాతం ఎంతని మేం రాయలేదు. రెండని ఒకరు, పదని ఒకరు అన్నారు. లెక్క లేకుండా అంకె వేస్తే ఆఫీసులో మొదటి ప్రశ్నకే మనం ఇంటికి రావాల్సి వస్తుంది.

అందుకే మీకో పని. గత మూడు సీజన్ల అమ్మకం బిల్లులు ఇంట్లో వెతకండి. బేలుకు ఎంత పలికింది, ఎన్ని నో బిడ్‌లు, బ్యారన్ కౌలు ఎంత కట్టారు, కట్టెలకు, కూలికి ఎంత అయింది, ఒక కాగితం మీద రాయండి. కౌలు రైతుల దగ్గర బిల్లు మరొకరి పేరున ఉన్నా ఫర్వాలేదు, తీసుకురండి, పేరు బయటపెట్టం. ఇళ్లలో లెక్క రాసేది ఆడవాళ్లయితే వాళ్లనే పంపండి, మనకంటే వాళ్లకే సరిగ్గా గుర్తుంటుంది. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున పదింటికి ఇక్కడే కూర్చుని మాస్టారితో లెక్క కట్టిద్దాం. పంపకం మీద తగువు కూడా ఆ రోజే తేల్చుకుందాం.

టీ వచ్చింది. ప్రశ్నలుంటే తాగుతూ అడగండి.